గేమ్ నత్తనడక... తప్పు లినక్స్‌దేనా?

వేడెక్కిన ల్యాప్‌టాప్ గుట్టు కనిపెట్టడమూ నైపుణ్యమే. కొలవడం తెలిస్తే మెషీన్ బాగుపడుతుంది, ఇంటర్వ్యూలో చెప్పడానికి ఓ మంచి జవాబూ దొరుకుతుంది!

విండోస్ పక్కనే లినక్స్ వేసుకున్నారు. సీనియర్ చెప్పాడనో, ఓఎస్ ల్యాబ్ కోసమో, క్లౌడ్ కోర్సులో అడిగారనో... మొత్తానికి వేశారు. రెండు వారాలు బాగానే నడిచింది. ఓ ఆదివారం సరదాగా అందులోనే గేమ్ పెట్టారు. పది నిమిషాలకే ఫ్యాన్ బుస్సుమంటోంది. కీబోర్డు మీద వేలు పెడితే చురుక్కుమంటోంది. సెకనుకు 60 ఫ్రేములతో పరిగెత్తిన గేమ్ 20కి పడిపోయింది. విండోస్‌లో అయితే అదే గేమ్ హాయిగా ఆడుతుంది. రూమ్మేట్ వెంటనే తీర్పు చెప్పేశాడు... ‘తీసేయ్ రా బై, గేమింగ్‌కు లినక్స్ పనికిరాదు!’

ఆ తీర్పు కొన్నిసార్లు నిజమే. ఎక్కువసార్లు మాత్రం తొందరపాటు. ల్యాప్‌టాప్ మందగించడానికి పక్కా కారణం ఒకటుంటుంది. దాన్ని అంకెల్లో చూడొచ్చు, చాలావరకు పైసా ఖర్చు లేకుండా సరిచేయొచ్చు.

ఇదంతా ఆట కోసమేనా అంటారా? వరంగల్ కాశిబుగ్గ లాంటి చోట అద్దె గదుల్లో ఉంటూ ఉద్యోగాల వేటలో ఉన్న చాలామందికి ఆ ల్యాప్‌టాప్ ఒక్కటే ఆధారం. కోడింగ్ సాధన దాని మీదే. కంపెనీ ఆన్‌లైన్ పరీక్ష దాని మీదే. వీడియో ఇంటర్వ్యూ కూడా దాని మీదే. ఇంట్లోవాళ్లు వాయిదాలు కట్టి కొనిచ్చిన మెషీన్ అది. ఈ రోజు గేమ్‌ను ఆపిన వేడే రేపు ఇంటర్వ్యూలో మీ వీడియోను ఆపుతుంది. అందుకే గేమ్‌ను ఓ పరీక్షగా వాడుకోండి. మెషీన్ బలహీనత ఎక్కడుందో అది ముందే చెప్పేస్తుంది.

మందగించడం... చిప్ ఆత్మరక్షణ

ప్రాసెసర్‌కు కంపెనీ ఓ గరిష్ఠ ఉష్ణోగ్రత పెడుతుంది. ల్యాప్‌టాప్ చిప్‌లలో అది ఎక్కువగా 95 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఆ గీత దగ్గరికి రాగానే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. వేగం తగ్గితే విద్యుత్ వాడకం తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. గ్రాఫిక్స్ చిప్‌దీ ఇదే తీరు. అంటే గేమ్ నెమ్మదించడం ఇక్కడ రోగం కాదు, జ్వరం లాంటి లక్షణం. విండోస్ అయినా లినక్స్ అయినా చిప్ ఈ నియమాన్ని తప్పదు.

ఇక్కడే మన ఊరి ఎండ లెక్కలోకి వస్తుంది. చిప్ తన వేడిని గది గాలిలోకే వదలాలి. గది ఎంత వేడిగా ఉంటే చిప్ దాదాపు అంత పైకి జరుగుతుంది. ఉదాహరణకు గది 25 డిగ్రీలు ఉన్నప్పుడు మీ చిప్ 85 దగ్గర నిలకడగా ఉందనుకోండి. అదే గేమ్‌ను 38 డిగ్రీల గదిలో ఆడితే చిప్ 98కి వెళ్లాలి. అక్కడికి చేరకముందే చాలా మెషీన్లు వేగానికి కళ్లెం వేస్తాయి. మే నెలలో వరంగల్ ఎండ 43, 44 డిగ్రీల దాకా పోవడం మనకు తెలిసిందే. మేడ మీది గది, పైన రేకులు అయితే ఇక చెప్పక్కర్లేదు.

కాబట్టి విండోస్‌లో రాత్రి పదింటికి, లినక్స్‌లో మధ్యాహ్నం రెండింటికి ఆడి రెంటినీ పోల్చొద్దు. మీరు అక్కడ పోలుస్తోంది ఓఎస్‌లను కాదు, గది ఉష్ణోగ్రతలను!

దుమ్ము సంగతీ మరవొద్దు. కాశిబుగ్గకు ఎనుమాముల మార్కెట్ దగ్గరే. పత్తి, మిర్చి సీజన్‌లో లారీల రాకపోకలు ఎలా ఉంటాయో అక్కడుండేవాళ్లకు తెలుసు. కిటికీ తీసి పెట్టుకునే గదిలో ల్యాప్‌టాప్ ఫ్యాన్ ఆ దుమ్మునంతా పీలుస్తుంది. అది రాగి గొట్టాల చివరనున్న సన్నని రేకుల మధ్య మెత్తలా పేరుకుంటుంది. ఫ్యాన్ ఎంత గట్టిగా తిరిగినా గాలి బయటికి పోదు.

విండోస్‌లో లేని ఇబ్బంది లినక్స్‌లో ఎందుకు?

వేడి రెండింటికీ ఒక్కటే అయితే తేడా ఎక్కడొస్తుంది? ముఖ్యంగా నాలుగు చోట్ల.

ఒకటి, గ్రాఫిక్స్ డ్రైవర్. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటాయి. ప్రాసెసర్‌లోనే ఉండే చిన్నది ఒకటి, విడిగా ఉండే పెద్దది ఒకటి. విండోస్‌లో గేమ్ తెరవగానే చాలావరకు పెద్దదానికి పని అప్పజెప్పేస్తుంది. లినక్స్‌లో చాలాసార్లు ఆ పని మీరే చెప్పాలి. పెద్దది ఎన్విడియా చిప్ అయితే దాని సొంత డ్రైవర్ ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ‘నూవో’ అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ నడుస్తుంటుంది. కొన్ని తరాల ఎన్విడియా చిప్‌లను నూవో పూర్తి వేగానికి తీసుకెళ్లలేదు. రేడియాన్, ఇంటెల్ గ్రాఫిక్స్ వాడేవారికి ఈ బాధ తక్కువ. వాటి డ్రైవర్లు సాధారణంగా లినక్స్‌తో పాటే వచ్చేస్తాయి.

రెండు, ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్. ఫ్యాన్ ఎప్పుడు ఎంత తిరగాలి, చిప్ ఎన్ని వాట్లు వాడొచ్చు అనేవి విండోస్‌లో ఆ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. అది లినక్స్‌లో నడవదు. దాంతో ఫ్యాన్ ఆలస్యంగా మేల్కోవచ్చు, లేదా చిప్ తక్కువ వాట్లకే పరిమితం కావచ్చు.

మూడు, అనువాదం. విండోస్ కోసం రాసిన గేమ్‌లను లినక్స్‌లో నడిపేందుకు స్టీమ్‌లో ‘ప్రోటాన్’ అనే ఏర్పాటుంది. వాల్వ్ కంపెనీ దీన్ని 2018 ఆగస్టులో తెచ్చింది. గేమ్ డైరెక్ట్‌ఎక్స్ భాషలో అడిగినదాన్ని ప్రోటాన్ వల్కన్ భాషలోకి అప్పటికప్పుడు మార్చి గ్రాఫిక్స్ చిప్‌కు చెబుతుంది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ పరికరం నడిచేది లినక్స్ మీదే, ఈ పద్ధతిలోనే. అంటే లినక్స్‌లో గేమింగ్ అసాధ్యమనే మాటకు కాలం చెల్లింది. అయితే అనువాదానికీ కొంత శ్రమ ఉంటుంది. ఆ శ్రమ ప్రాసెసర్‌దే.

నాలుగు, గేమ్ ఉన్న చోటు. 80 గిగాబైట్ల గేమ్‌ను రెండుసార్లు డౌన్‌లోడ్ చేయడమెందుకని, విండోస్ డ్రైవ్‌లో ఉన్నదాన్నే లినక్స్ నుంచి తెరుస్తాం. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతి లినక్స్‌కు పరాయిది. చదవగలదు, కానీ పాత పద్ధతి డ్రైవర్‌తో అయితే అదనపు శ్రమ పడుతుంది. ప్రోటాన్ ఫోల్డర్లకూ అది సరిపడదు.

ముందు కొలవండి... తర్వాతే మందు

యూట్యూబ్‌లో చూసిన పది చిట్కాలూ ఒకేసారి వేసేయడం మనవాళ్లు ఎక్కువగా చేసే పని. అది పనిచేసినా ఏది పనిచేసిందో తెలియదు. చెడితే ఏది చెడగొట్టిందో అంతకన్నా తెలియదు. అందుకే రెండు నియమాలు పెట్టుకోండి. కొలిచాకే మార్చాలి. ఒకసారి ఒక్కటే మార్చాలి.

కొలవడానికి కావాల్సినవన్నీ ఉచితమే. లినక్స్‌లో ‘ఎల్ఎం-సెన్సర్స్’ ప్యాకేజీ వేసుకుని టెర్మినల్‌లో ‘సెన్సర్స్’ కమాండ్ ఇస్తే ఉష్ణోగ్రతలు వస్తాయి. ఎన్విడియా చిప్ అయితే ‘ఎన్విడియా-ఎస్ఎంఐ’ కమాండ్ దాని వేడి, విద్యుత్ వాడకంతో పాటు దాని మీద ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపిస్తుంది. ‘మ్యాంగోహడ్’ అనే టూల్ గేమ్ ఆడుతుండగానే తెర మూలన ఫ్రేములు, ఉష్ణోగ్రత, చిప్ వేగం చూపుతుంది. విండోస్ వైపు ‘హెచ్‌డబ్ల్యూఇన్ఫో’ ఆ పని చేస్తుంది.

ఇప్పుడు రెండు ఓఎస్‌లలో ఒకే గేమ్, ఒకే సన్నివేశం, ఒకే సెట్టింగ్స్ పెట్టండి. రెండుసార్లూ చార్జర్ పెట్టే ఆడండి. గది, వేళ కూడా ఒక్కటే ఉండాలి. మొదటి నిమిషం, 5, 10, 20 నిమిషాల దగ్గర నాలుగు అంకెలు నోట్‌బుక్‌లో రాయండి... ఫ్రేములు, ప్రాసెసర్ వేడి, ప్రాసెసర్ వేగం, గ్రాఫిక్స్ చిప్ వేడి. మొత్తం గంట పని. ఆ గంట మీకు వారం రోజుల తిరుగుడును తప్పిస్తుంది.

అంకెలు చెప్పే నాలుగు కథలు

మొదటిది: ఆరంభంలో బాగుంది, పది పదిహేను నిమిషాలకు పడిపోయింది. వేడి 95 దాటింది, అదే సమయంలో ప్రాసెసర్ వేగం కిందికి జారింది. ఇది అచ్చంగా వేడి సమస్య. రుజువు కావాలంటే ‘డీమెసేజ్’ కమాండ్‌తో కెర్నల్ రాసుకున్న లాగ్ చూడండి. చాలా ఇంటెల్ మెషీన్లలో ఉష్ణోగ్రత గీత దాటిందనీ, వేగం తగ్గించామనీ అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. విండోస్‌లోనూ ఇదే వరస కనిపిస్తే ఓఎస్‌ను వదిలేసి ఫ్యాన్, దుమ్ముల మీద పడండి. లినక్స్‌లోనే కనిపిస్తే ఫ్యాన్ నియంత్రణ చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ మీటతో మారే ఫ్యాన్ మోడ్ లినక్స్‌లోనూ పనిచేస్తుంది. మెషీన్ కొత్త మోడల్ అయితే కొత్త కెర్నల్ వేసుకోవడమే సగం మందు.

రెండోది: మొదటి నిమిషం నుంచే నెమ్మది, వేడి మాత్రం 60ల్లోనే ఉంది. చిప్ అలసిపోలేదు, అసలు దానికి పనే చెప్పలేదు! గేమ్ నడుస్తుండగా ఎన్విడియా-ఎస్ఎంఐ జాబితాలో గేమ్ పేరు లేకపోతే అది చిన్న చిప్ మీద నడుస్తున్నట్టే. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే విడి గ్రాఫిక్స్ కార్డుతో తెరిచే ఆప్షన్ ఉంటుంది. డ్రైవరే లేకపోతే ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’ తెరిచి వేసుకోవచ్చు.

ఇక్కడ చాలామంది జారిపడే మెట్టు ఒకటుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేసేటప్పుడు ఓ పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే ఓ నీలి తెర వస్తుంది. అందులో ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. కంగారులో ‘కంటిన్యూ’ నొక్కితే డ్రైవర్ వేసినా లోడ్ కాదు. పోనీ సెక్యూర్ బూట్‌నే ఆపేద్దామా అనుకుంటే ఇంకో చిక్కు... విండోస్‌కు బిట్‌లాకర్ రక్షణ ఉంటే తర్వాతిసారి అది 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ముందే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి ఆ కీ రాసి పెట్టుకోండి.

ఇదే కోవలో చూడాల్సినవి మరో రెండున్నాయి. పవర్ మోడ్ ‘పవర్ సేవర్’లో ఉండిపోయిందేమో చూసి ‘పెర్ఫార్మెన్స్’కు మార్చండి. ఆపై చార్జర్ చూడండి. గేమింగ్ ల్యాప్‌టాప్‌ల అసలు చార్జర్లు తరచూ 150 వాట్లు, అంతకు పైనే ఉంటాయి. బరువని దాన్ని ఊళ్లో వదిలేసి రూమ్మేట్ 65 వాట్ల టైప్-సి చార్జర్ పెడితే మెషీన్ చార్జ్ అవుతుంది కానీ పరిగెత్తదు. కొన్ని మెషీన్లు చార్జర్‌ను గుర్తుపట్టకపోతే ప్రాసెసర్‌ను 400 మెగాహెర్ట్జ్ దగ్గరే కట్టేస్తాయి. ఆ అంకె కనిపిస్తే లినక్స్‌ను కాదు, చార్జర్ పిన్నును అనుమానించాలి.

మూడోది: మొదటి ఆటలో తెగ ఆగింది, రెండో రోజుకు సాఫీగా ఉంది. కారణం షేడర్లు. తెర మీద వెలుగునీడలు గీసే చిన్న ప్రోగ్రాములివి. వాటిని మీ గ్రాఫిక్స్ చిప్‌కు తగ్గట్టు ముందు సిద్ధం చేసుకోవాలి. స్టీమ్‌లో గేమ్ తెరవకముందే వల్కన్ షేడర్ల ప్రాసెసింగ్ అని ఓ గీత నడుస్తుంది. తొందరపడి ‘స్కిప్’ కొడితే ఆ పనంతా ఆట మధ్యలో జరుగుతుంది. ఆ కాసేపు ప్రాసెసర్ 100 శాతానికి వెళ్లడం, ఫ్యాన్ గోల పెట్టడం మామూలే. ఓ టీ తాగి రండి.

నాలుగోది: వేడి బాగుంది, ఫ్రేములూ బాగున్నాయి, కానీ ఉన్నట్టుండి రెండు సెకన్లు బిగుసుకుపోతోంది. ర్యామ్‌నో డిస్కునో చూడాలి. 8 గిగాబైట్ల ర్యామ్‌లో బ్రౌజర్ ట్యాబులు ఇరవై తెరిచి గేమ్ పెడితే ర్యామ్ నిండి ‘స్వాప్’ మొదలవుతుంది. సిస్టమ్ మానిటర్‌లో స్వాప్ అంకె పెరుగుతుంటే దొంగ దొరికినట్టే. ఒకే ర్యామ్ స్టిక్ ఉన్న మెషీన్‌కు రెండోది జతచేస్తే, ముఖ్యంగా విడి గ్రాఫిక్స్ కార్డు లేనివాళ్లకు, తేడా బాగా తెలుస్తుంది. డబ్బు పెట్టే ఉద్దేశం ఉంటే మొదట పెట్టాల్సింది ఇక్కడే. ర్యామ్ సరిపోయినా ఆగుతుంటే గేమ్‌ను ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్ నుంచి లినక్స్ సొంత ఎక్స్‌టీ4 డ్రైవ్‌కు మార్చండి. విండోస్ డ్రైవ్ తప్పనిసరైతే విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆపేయండి. లేదంటే విండోస్ ఆ డ్రైవ్‌ను సగం నిద్రలో వదిలి వెళ్తుంది. లినక్స్ అందులో రాయలేదు.

వేడి తగ్గించడం... రూపాయి నుంచి మొదలు

ఖర్చు లేనివి ముందు. పరుపు, దిండు, ఒడి మీద ల్యాప్‌టాప్ పెట్టొద్దు. చాలా మోడళ్లు కింది నుంచే గాలి పీలుస్తాయి. వెనక వైపు రెండు పుస్తకాలో, రెండు సీసా మూతలో పెట్టి లేపినా గాలికి దారి దొరుకుతుంది.

ఫ్రేములకు హద్దు పెట్టండి. మీ తెర సెకనుకు 60 సార్లే మారుతుంటే 110 ఫ్రేములు గీయడం చిప్‌కు వృథా శ్రమ. మ్యాంగోహడ్‌లో కానీ, గేమ్ సెట్టింగ్స్‌లో కానీ 60 దగ్గర ఆపండి. చాలా గేమ్‌లలో ఒక్క ఈ మార్పుతోనే వేడి దిగుతుంది, ఆటలో తేడా కంటికి కనిపించదు.

వేసవిలో కూలర్ పెట్టుకుంటారుగా. గది చల్లబడితే ల్యాప్‌టాప్‌కూ మంచిదే. కానీ కూలర్ గాలి నేరుగా తగిలేలా ఎదురుగా మాత్రం పెట్టొద్దు. ఆ గాలితో వచ్చే నీటి తుంపరలు బోర్డు మీద పడితే మెషీన్‌కే ఎసరు.

దుమ్ము దులపడం ఆరు నెలలకోసారి అలవాటు చేసుకోండి. మెషీన్ ఆపి, చార్జర్ తీసి, గాలి బయటికొచ్చే సందుల్లో బ్లోయర్‌తో కొద్దికొద్దిగా కొట్టండి. లోపల ఫ్యాన్ గిర్రున తిరగకుండా పుల్లతో ఆపాలి. అడుగు మూత విప్పాలంటే ముందు వారంటీ షరతులు చదవండి. మూడు నాలుగేళ్ల మెషీన్ అయితే చిప్ మీది థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండొచ్చు. అది తెలిసినవాళ్లతో మార్పించడమే మేలు. షాపుకు వెళ్లేటప్పుడు మీ నోట్‌బుక్ అంకెలు పట్టుకెళ్లండి. ‘స్లో అవుతోంది అన్నా’ అంటే మదర్‌బోర్డు దాకా లెక్క వెళ్లొచ్చు. ‘పది నిమిషాల్లో 97కి వెళ్లి వేగం సగమవుతోంది, ఫ్యాన్ శుభ్రం చేసి పేస్టు మార్చండి’ అంటే మాట అక్కడితో తేలుతుంది. పని అయ్యాక మళ్లీ అదే గేమ్ పెట్టి కొలిస్తే మీరిచ్చిన డబ్బుకు ఫలితమూ తెలుస్తుంది.

కొన్నింటికి దారి లేదు

అన్నీ చేసినా లినక్స్‌లో నడవని గేమ్‌లున్నాయి. వాలరెంట్‌లోని యాంటీ-చీట్ విండోస్‌లో లోతుగా పాతుకుని పనిచేసేది. లినక్స్‌లో అది నడవదు. ఎపెక్స్ లెజెండ్స్ 2024 చివర్లో లినక్స్‌కు తలుపులు మూసింది. వీటి కోసం రాత్రుళ్లు తలబద్దలు కొట్టుకోవడం వృథా, విండోస్‌లోనే ఆడుకోండి. కౌంటర్-స్ట్రైక్ 2, డోటా 2 లాంటివి మాత్రం లినక్స్ కోసమే తయారైన రూపంలో దొరుకుతాయి. కొలవడానికి వీటితో మొదలుపెడితే అనువాదం గొడవ ఉండదు. లెక్క తేటగా వస్తుంది.

పరీక్ష ముందు రోజు ఇవి చూసుకోండి

* ఆన్‌లైన్ పరీక్ష ఏ ఓఎస్‌లో రాయాలో మెయిల్‌లో చదవండి. సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ లాంటివి లినక్స్‌కు రావు. విండోస్‌ను పూర్తిగా తీసేయొద్దని చెప్పేది ఇందుకే.
* వారాల తరబడి లినక్స్‌లోనే ఉంటే విండోస్ అప్‌డేట్లు పేరుకుని ఉంటాయి. ముందు రోజే విండోస్ తెరిచి అవన్నీ పూర్తి చేయండి.
* గడియారం చూడండి. లినక్స్ నుంచి విండోస్‌కు మారితే టైమ్ అయిదున్నర గంటలు తేడా చూపడం మన దేశంలో మామూలే. మెషీన్ లోపలి గడియారాన్ని విండోస్ మన సమయంగా, లినక్స్ అంతర్జాతీయ సమయంగా చదవడమే కారణం. లినక్స్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ కమాండ్‌తో దీన్ని సరిచేయొచ్చు.
* ఆ రోజు డ్రైవర్, బయోస్ మార్పుల జోలికి వెళ్లొద్దు. గేమ్ అసలే వద్దు.
* అసలు చార్జర్ పెట్టి, వెనక లేపి, పది నిమిషాలు వీడియో కాల్ మాట్లాడి చూడండి.

ఈ నోట్‌బుక్కే మీ ప్రాజెక్టు

ఇప్పుడు అసలు విషయం. ‘మీరు స్వయంగా పరిష్కరించిన ఒక సాంకేతిక సమస్య చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది ఫ్రెషర్లు నీళ్లు నములుతారు. ఫైనలియర్ ప్రాజెక్టు పేరు చెబుతారు, రెండో ప్రశ్నకే దొరికిపోతారు. మీరు గంటసేపు కొలిచి రాసుకున్న పేజీ ఉంటే రెండో ప్రశ్నకే కాదు, అయిదో ప్రశ్నకూ జవాబుంటుంది.

ఇలా చెప్పొచ్చు: ‘లినక్స్‌లో గేమ్ నెమ్మదిస్తోందని ముందు గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానించాను. రెండు ఓఎస్‌లలో ఒకే పరిస్థితుల్లో ఉష్ణోగ్రత, వేగం రాసి చూస్తే విండోస్‌లోనూ పదో నిమిషం నుంచి వేగం తగ్గుతోంది. అంటే ఓఎస్ కారణం కాదు. కెర్నల్ లాగ్‌లో థ్రాట్లింగ్ మెసేజ్ దొరికింది. ఒక్కో మార్పు చేసి కొలిచాను. ఫ్రేముల హద్దు వేడిని తగ్గించింది, శుభ్రం చేశాక వేగం నిలబడింది.’ అంకెలు మాత్రం మీ మెషీన్‌వే చెప్పండి. అరువు అంకెలు ఎదుటివాళ్లకు ఇట్టే తెలిసిపోతాయి.

ఇందులో మీ సిలబస్ మొత్తం ఉంది, గమనించారా? నిట్ అయినా, కాకతీయ యూనివర్సిటీ అయినా, కిట్స్ అయినా కంప్యూటర్ సైన్స్ వాళ్లకు ఓఎస్ సబ్జెక్టు తప్పదు. గేట్ కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లోనూ అది ఉంది. చిప్ వేగం తగ్గించుకోవడాన్ని పుస్తకం డైనమిక్ వోల్టేజ్ అండ్ ఫ్రీక్వెన్సీ స్కేలింగ్ కిందే చెబుతుంది. ర్యామ్ నిండి గేమ్ బిగుసుకోవడం వర్చువల్ మెమరీ, పేజ్ ఫాల్ట్, థ్రాషింగ్ పాఠం. ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్ అదనపు శ్రమ... యూజర్ స్పేస్, కెర్నల్ స్పేస్ తేడా. బట్టీ పట్టిన నిర్వచనం రెండు వాక్యాల్లో అయిపోతుంది. కళ్లతో చూసిన సంగతిని పది నిమిషాలు మాట్లాడొచ్చు.

ఉద్యోగాల కోణంలోనూ ఈ చూపుకు విలువుంది. 2017 నవంబరు నుంచి ప్రపంచ టాప్ 500 సూపర్‌కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపలున్నదీ లినక్స్ కెర్నలే. క్లౌడ్ సపోర్ట్, సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్, డెవాప్స్, ఎంబెడెడ్, పెర్ఫార్మెన్స్ టెస్టింగ్... ఈ ఉద్యోగాల్లో రోజూ జరిగేది ఇదే. సర్వర్ నెమ్మదించింది, ఎందుకో చెప్పాలి. ప్రాసెసరా, మెమరీయా, డిస్కా, నెట్‌వర్కా? కొలిచి, ఒక్కోటి పక్కనపెట్టి, మిగిలినదాన్ని పట్టుకోవాలి. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగమైనా, హైదరాబాద్‌లో అయినా పద్ధతి మారదు.

ముందుకు వెళ్లాలనుకుంటే దారులున్నాయి. లినక్స్ ఫౌండేషన్ ప్రాథమిక కోర్సు ఆన్‌లైన్‌లో ఉచితం. ఎన్‌పీటెల్‌లో ఓఎస్ పాఠాలు ఉచితంగా వినొచ్చు. సర్టిఫికెట్ కావాలంటే రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్ఏ ఉంది. అందులో టిక్కులు పెట్టడం ఉండదు, నిజమైన మెషీన్ మీద పనులు చేసి చూపించాలి. గేమ్ కోసం డ్రైవర్లతో కుస్తీ పట్టినవాళ్లకు టెర్మినల్ అంటే భయం అప్పటికే పోయి ఉంటుంది. తెలుగులో తోడు కావాలంటే ‘స్వేచ్ఛ’ సంస్థ ఉంది. తెలుగులో లినక్స్ ఓఎస్‌ను తెచ్చింది వాళ్లే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి విద్యార్థులతో కలిసి పనిచేస్తున్నారు.

మీ నోట్‌బుక్ పేజీని గిట్‌హబ్‌లో పెట్టండి. సమస్య ఏంటి, ఏం కొలిచారు, ఏం మార్చారు, ఏం తేలింది... నాలుగు శీర్షికలు చాలు. విఫలమైన ప్రయత్నాలనూ రాయండి. ఏది కారణం కాదో తేల్చడమూ పనే. మీ గేమ్ ప్రోటాన్‌లో ఎలా నడిచిందో ప్రోటాన్‌డీబీలో రాస్తే అదే మోడల్ వాడే ఇంకో విద్యార్థికి దారి చూపినవాళ్లవుతారు.

ఈ ఆదివారం గేమ్ తెరిచేటప్పుడు పక్కన పెన్ను, కాగితం పెట్టుకోండి. మొదటి నిమిషం అంకె రాశాకే ఆట మొదలుపెట్టండి.